ఏప్రిల్ ముగిసేలోగా

ఇంటి చుట్టూ యాభై మీటర్ల గడ్డి
నెలాఖరుకల్లా కొయ్యకపోతే జరిమానా అని
మునిసిపాలిటీ నుంచి కాగితం వచ్చింది.
జరిమానా మాట అలా ఉంచు,
ఆరేళ్ల కిందటి ఆగస్టులో
మా వాల్ దా జియెష్టా కొండ ఎలా మండిందో
నాకు కాగితం చెప్పక్కర్లేదు.
యూకలిప్టస్ బెరడు అంటుకుని, గాల్లో లేచి,
లోయ దాటి చర్చి చూరు మీద వాలడం
రొట్టెల బట్టీ వాకిట్లో నిలబడి నేనే చూశాను.

మిషను అరువడగడానికి అల్బానో ఇంటికి వెళ్లాను.
అడిగింది రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.
ఇచ్చాడు. ఇచ్చి, వెంటే వచ్చాడు.

ముందు ఉత్త చేతుల్తో వాలంతా నడిపించాడు.
సీసా పెంకు, ముళ్లకంచె ముక్క,
ఏ కుక్కో మరిచిపోయిన ఎముక,
రాళ్లు, రాళ్లు, ఇంకా రాళ్లు.
"నువ్వు ఏరని రాయి, జుల్మీరా,
నిన్ను ఏరుకుంటుంది."

యాభై పాళ్ల పెట్రోలుకి ఒక పాలు నూనె.
పిండికి ఉప్పు లెక్క అదే,
కొలత పాత్ర లేకున్నా నా చెయ్యి తప్పదు.
డబ్బా ఊపి, గడ్డి లేని మట్టి మీద పోశాను.
ఒలికిన చుక్క తుడిపించాడు.
పది అడుగులు అవతలికి నడిపించి
అక్కడ కట్టించాడు వేషం:
మోకాళ్ల దాకా బూట్లు, మందపాటి ప్యాంటు,
కళ్లద్దాల మీద జాలీ ముసుగు,
చెవులకి ఎర్రటి డిప్పలు.
తేనె దొంగలా ఉన్నానట.

మొదటి లాగుడికి దగ్గింది.
రెండో లాగుడికి తిట్టింది.
చోక్ తీసి మూడోసారి లాగితే
కందిరీగల పట్టు కదిలినట్టు లేచింది.

ఇక మాటలు చెల్లవు.
పదిహేను మీటర్ల అవతల నిలబడి
టోపీతో చెప్పాడు.
కుడి నుంచి ఎడమకి ఊపితే, అలా ఊడ్చు.
కిందికి దించితే, వంచు, కానీ నేలని గీరకు.
నెత్తిన పెట్టుకుంటే, బాగుంది.
నేలకేసి కొడితే, ఆపు.

తీగ అరిగినప్పుడు తలకాయని నేలకి తట్టాలి,
కాలిన రొట్టె అడుగు తట్టి చూసినంత మెల్లగా.
ఇంకో వేలెడు తీగ విడుస్తుంది.
కోసేది తీగ నడుము కాదు, కొస.
కొసని పోనిస్తే చాలు, నెట్టక్కర్లేదు.

నేను నెట్టాను.
ఇంట్లో పిండి పొంగుతోంది, తొందర.
మూడేళ్ల ఆలివ్ మొక్క మొదట్లో
పిల్లాడి పిలకలా మిగిలిన గడ్డి నచ్చలేదు.
దగ్గరికి పోనిచ్చాను.

టోపీ నేల మీద పడింది.

ఇంజను ఆపాను. తల తిరగడం ఆగేదాకా కదల్లేదు.
ఆయన మోకాళ్ల మీద కూర్చుని
మొక్క మొదలు చుట్టూ వేలు తిప్పాడు.
సగం చుట్టు బెరడు లేచిపోయింది,
అక్కడ తడిగా, తెల్లగా,
ఉంగరం తీసేసిన వేలులా.
"పూర్తి చుట్టయితే చచ్చేది.
సగమేగా. బతుకుతుంది.
మొక్క దగ్గర గడ్డి చేత్తో పీకు."
అంతే అన్నాడు.
తిడితే బాగుండేది.

పదిన్నరకి ఎండుగడ్డి వాసన మారింది.
ఇక చాలు, అన్నట్టు ఆకాశం చూపించాడు.
కాలిన సైలెన్సరు గడ్డికి తగలకుండా
మిషనుని బండ మీద పడుకోబెట్టాను.
డిప్పలు తీశాను.
గాలి. నా ఊపిరి. ఎక్కడో కింద నీళ్లు.
అల్బానో నా ముఖంలోకే చూస్తున్నాడు,
పలకని రేడియో ముందు కూర్చున్నవాడిలా.

"కూకుడుగువ్వ వచ్చిందా ఈ ఏడు?"

ముప్పై ఏళ్లు రోడ్ల శాఖలో కోశాడు.
బూట్లిచ్చారు, చేతికి తొడుగులిచ్చారు.
చెవుల సంగతి అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

గోడ అవతల తోటలోంచి
ఊప్, ఊప్, ఊప్.
కాసేపు ఆగి, మళ్లీ మూడు.

నేల మీది టోపీ తీసి, దుమ్ము దులిపి
గాల్లో మూడుసార్లు ఊపాను.
ఆగాను.
మళ్లీ మూడుసార్లు.

ఆయన పెదాలు లెక్కపెట్టాయి.

ఈపాటికి పిండి గిన్నె దాటి పొంగి ఉంటుంది.
పొంగనీ.